ఎరిగిన ఇల్లు

ముక్కుపొడి డబ్బీ లేకుండా రామచంద్రయ్య సారు చావడానికి కూడా బయలుదేరడు. గది గడప దాటగానే డిటెక్టివ్ పద్మజకు తట్టిన మొదటి సంగతి అది. డబ్బీ కిటికీ అంచున ఎండలో ఉంది. మూత తీసి చూస్తే నిండుగా ఉంది.

పాతికేళ్ల కిందట వనపర్తి కాలేజీలో ఈ డబ్బీ బల్ల మీద పెట్టి, రెండు వేళ్లతో చిటికెడు తీసి ముక్కుకెక్కించనిదే సారు పాఠం మొదలుపెట్టేవాడు కాదు. తుమ్ము వచ్చేదాకా తరగతి మొత్తం ఊపిరి బిగబట్టుకుని కూర్చునేది. ఆ తుమ్ము చూడ్డానికే వెనక బెంచీ రౌడీలు కూడా తెలుగు క్లాసు ఎగ్గొట్టేవాళ్లు కాదు. తుమ్మిన తర్వాత సారు నోరు తెరిస్తే మాత్రం నవ్వేవాడు ఒక్కడూ ఉండేవాడు కాదు. భయం కథలు చెప్పడంలో ఆయన్ను మించినవాడు పాలమూరు మొత్తంలో లేడని పద్మజ ఇప్పటికీ పందెం కాస్తుంది. డబ్బీ వాసన తగిలేసరికి ఆమెకు కళ్లు చెమ్మగిల్లాయి. ఛీ, పని మీద వచ్చి ఏడుపేంటి అని తనను తానే తిట్టుకుని డబ్బీని చేతిసంచిలో వేసుకుంది.

డిటెక్టివ్ అన్నది పేరుకే గానీ, ఏడాదిలో పది నెలలు ఆమె చేసేది పెళ్లి సంబంధాల ఆరా. పిల్లవాడు తాగుతాడా, పిల్లకు ఇంకోచోట మనసుందా, అంతే. అలాంటిది పొద్దున్నే గద్వాల నుంచి జములమ్మ ఫోను. మీ సారు నాలుగు రోజులుగా కనిపించడం లేదు, నువ్వు మా వాడకట్టు బిడ్డవు, నువ్వు చూడకుంటే ఎవరు చూస్తారని. పద్మజ ఉన్నపళంగా వనపర్తిలో బస్సెక్కింది.

రామచంద్రయ్య సారుకు భార్య పోయింది, పిల్లలు లేరు. రిటైరయ్యాక గద్వాలలో, చేనేతవాళ్ల వాడలో, జములమ్మ ఇంటి మీది గది అద్దెకు తీసుకున్నాడు. కింద ఆమె మగ్గం, పైన ఈయన మాట. రెండేళ్లుగా ఆ మాటను ఫోన్లో రికార్డు చేసి పంపిస్తే, హైదరాబాదు కుర్రాడు సాయినాథ్ యూట్యూబులో పెడుతున్నాడు. వేలమంది వింటున్నారట. సారుకు మాత్రం అదెక్కడ వినిపిస్తుందో కూడా తెలియదు.

జములమ్మ మెట్ల మీదే నిలబడి తనకు తెలిసినంతా చెప్పింది. శుక్రవారం పొద్దంతా నేసి, అమాసకని సాయంత్రం బస్సుకు వనపర్తిలో అక్క దగ్గరికి పోయింది. పోయేటప్పుడు సారు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఆదివారం తిరిగొచ్చేసరికి గదికి గొళ్లెం మాత్రమే పెట్టి ఉంది, మనిషి లేడు. ఇంతలో పోలీసులొచ్చి, బీచుపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున సారు చెప్పులూ శాలువా దొరికాయన్నారు.

"శాలువా ఎక్కడిది పెద్దమ్మా?" అని అడిగింది పద్మజ. తన ఎరుకలో సారు శాలువా కప్పుకోగా చూడలేదు.

"సన్మానంల ఇచ్చిండ్రంట. రేడియోకు దుమ్ము పడుతదని దానికి కప్పుతుండె."

పద్మజ మూలకు చూసింది. రేడియో బోసిగా ఉంది. నదిలో దూకబోయేవాడు ముక్కుపొడి ఇంట్లో వదిలేసి, రేడియో మీది శాలువా తీసి భుజాన వేసుకున్నాడన్నమాట. రచయిత అంటే శాలువా ఉండాలని అనుకునేవాడు ఎవడో ఈ ఏర్పాటు చేశాడు. భయం కథలో గబ్బిలాన్ని పెట్టేవాడు సోమరిపోతని సారు ఎప్పుడూ అనేవాడు. పాడుబడ్డ కోట, ఉరుము, గబ్బిలం, ఇవన్నీ వేరే ఇళ్లలోంచి అరువు తెచ్చుకున్న సామాను అని ఆయన వెక్కిరింత. ఒడ్డున చెప్పులూ శాలువా కూడా ఆ జాతి సామానే.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. జములమ్మ పక్కకు తప్పుకుంది.

వచ్చినవాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ప్రదీప్. కేసు అతనిదే. పద్మజకు అతను కొత్త కాదు, వనపర్తిలో ఒకే తరగతి, ఒకే సారు. మార్కుల్లో ఇద్దరికీ ఎప్పుడూ పోటీ, సారు మెచ్చుకోలుకు ఇంకా పెద్ద పోటీ. ఇప్పుడతనికి పొట్ట వచ్చింది, కణతల దగ్గర నెరిసింది. కానీ పద్మజను చూడగానే కనుబొమ్మ ఎగరేసే అలవాటు మాత్రం పోలేదు.

"పెండ్లి సంబంధాలు అయిపోయినయా పద్మజా? ఈడ ఎవరికి పిల్లను చూస్తున్నవు?"

"నువ్వు చెప్పుల జత చూసుకున్నవు గదా, నేను మనిషిని చూస్తున్న" అంది.

ప్రదీప్ నవ్వాడు. ఆ తర్వాత ఇద్దరూ కొట్లాడుకున్నారు, పాత రోజుల్లో లాగానే. శాలువా సంగతి చెబితే, ముసలాయనకు ఆఖరి రోజు కప్పుకోవాలనిపించింది, తప్పా అన్నాడు. ముక్కుపొడి సంగతి చెబితే, చచ్చేవాడికి తుమ్ములెందుకన్నాడు. శనివారం అమాసకని బీచుపల్లి ఆంజనేయుని గుడికి జనం విరగబడితే పొద్దుట్నుంచి మరుసటి తెల్లవారుదాకా తనే అక్కడ బందోబస్తులో ఉన్నాడట. చెప్పులు తన కంటికే పడ్డాయట. అన్నిటికీ మించి సారు గొంతే సాక్ష్యమని, వెనక నిలబడ్డ సాయినాథ్‌ను ముందుకు తోశాడు.

సాయినాథ్‌కు పాతికేళ్లుంటాయి. చెవికి పోగు, చేతిలో పెద్ద ఫోను. పద్మజ వైపు చూడకుండా రికార్డింగు పెట్టాడు. శనివారం సాయంత్రం, దీపాలు పెట్టే వేళ సారు ఇదే గదిలో చెప్పి తనకు పంపించాడని, ఇంకా యూట్యూబులో పెట్టలేదని అన్నాడు.

గదిలో సారు గొంతు లేచింది. రికార్డింగులో కింది మగ్గం టకటకలాడుతుంటే, దాని మీద నిదానంగా నడిచే ఆ బొంగురు గొంతు.

"నాకు ఎరుకైన ఇల్లు ఇది. ఈ ఇంట్ల అందరు మంచోళ్లే. వచ్చినోళ్లకు పల్లీలు పెట్టకుండ పంపరు. మిద్దె మీద ఒక అర్ర ఉంది. దాని తలుపు ఒక దిక్కు వాలింది, ఎత్తి తోస్తెనే పడతది. రోజుకు రెండుసార్లు ఆ చప్పుడు విన్న. ఇగ వినను. నేను పోత. నన్ను దేవులాడొద్దు."

అక్కడితో ఆగిపోయింది.

"ఇంకేం గావాలె?" అన్నాడు ప్రదీప్. "నేను పోత, నన్ను దేవులాడొద్దు అని సారే చెప్తుండు. ఇది మరణ వాంగ్మూలం."

"మొదటి పాఠమే మర్చిపోయినవా? కథల 'నేను' అన్నోడు రాసినోడు గాదు. సారు మనతోని ఎన్నిసార్లు చెప్పిచ్చిండు ఈ మాట. చచ్చినోళ్ల నోటితోని చెప్పిండు, పిచ్చోళ్ల నోటితోని చెప్పిండు. ఆ లెక్కన సారు ఇప్పటికి నలభైసార్లు చచ్చిండాలె."

"గదంత పుస్తకాలల్ల నడుస్తది పద్మజా, పంచనామల నడవది. పొద్దుగూకేసరికి ఈతగాండ్లను వాపసు పిలుస్త. నీళ్లల్ల పోయిండని రాసి పైకి పంపిస్త."

నీళ్లలో పోయాడని ఒకసారి రాసేస్తే ఆ మనిషిని ఇక ఎవరూ వెతకరు. సారు ఎక్కడో బతికే ఉండి, ఎవడో దాచి ఉంటే, వాడు తీరిగ్గా ఆ రాతను నిజం చేయొచ్చు. పొద్దుగూకేలోగా సారు దొరకాలి. అంతకుమించి పద్మజకు ఇప్పుడు ఏ కేసూ లేదు, ఏ గెలుపూ అక్కర్లేదు.

ఆమె ముఖం చూసి ప్రదీప్ మెత్తబడ్డాడు. "ఆదివారాలు యాదికున్నయా?" అని అడిగాడు, కిటికీ బయటికి చూస్తూ.

ఉండకేం. ఆదివారం వస్తే సారు అయిదారుగురిని వెంటేసుకుని ఖిల్లా ఘణపూర్ కోట ఎక్కించేవాడు. నిట్టనిలువు ఎండలో, బండ మీద కూర్చోబెట్టి భయం కథ చెప్పేవాడు. చీకట్లో ఎవడైనా భయపెడతాడు, పట్టపగలు భయపెట్టినవాడే కథకుడు అనేవాడు. దిగి వచ్చి, ఘణపూర్ ఊళ్లోనే ఉన్న ప్రదీప్ వాళ్లింట్లో భోజనాలు. వాళ్ల నానమ్మ జొన్నరొట్టె మీద పల్లి చట్నీ వేసి, తినేదాకా వదిలేది కాదు. పోయేటప్పుడు వేయించిన పల్లీలు ఒళ్లో పోసేది. మిద్దె మీంచి అప్పుడప్పుడూ ఆడగొంతు పాట వినపడేది. మా చిన్నమ్మకు పానం బాగలేదనేవాడు ప్రదీప్. అందరికంటే ముందు ఆమెకు పళ్లెం పట్టుకుని మెట్లెక్కేవాడు, వచ్చి భుజం రుద్దుకుంటూ పక్కన కూర్చునేవాడు. ఏమైందిరా అంటే తలుపు అని నవ్వేవాడు. ఎంత మంచి పిల్లవాడో అని పద్మజ ఆ రోజుల్లో అనుకునేది. ఆ చిన్నమ్మ తర్వాత ఏమైందో ఎవరూ అనుకోలేదు, ఎవరూ అడగలేదు.

"అన్ని యాదికున్నయి" అంది. ప్రదీప్ ఏదో అనబోయాడు. ఇంతలో అతని ఫోను మోగింది. బీచుపల్లి నుంచి ఈతగాళ్లట. మాట్లాడుతూ మెట్లు దిగిపోయాడు.

పద్మజ సాయినాథ్ చేతిలోంచి ఫోను తీసుకుంది. కళ్లు మూసుకుని రికార్డింగు మళ్లీ పెట్టింది.

ఈసారి కూడా మాటల కంటే ముందు ఆ టకటకే ఆమెను పట్టుకుంది. ఆ చప్పుడు లేకుండా ఆమె బాల్యంలో ఒక్క పొద్దు లేదు. ఈ వాడలోనే, నాలుగిళ్ల అవతల, నాయిన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే ఆ చప్పుడుకే నిద్రపోయేది, ఆ చప్పుడుకే లేచేది. అది ఆగితేనే ఉలిక్కిపడేది. నెలకొకసారి, ఆగే రోజు కూడా ఒకటుండేది. ఆ రోజు నాయిన తలంటు పోసుకుని, మగ్గానికి దీపం పెట్టి, గుంతలోంచి కాళ్లు బయటపెట్టి మనుషుల్లో పడేవాడు. ఆమె వేలు పట్టుకుని బజారుకు తీసుకుపోయి మిరపకాయ బజ్జీలు కొనిపెట్టేవాడు. నెలంతా ఆమె ఆ రోజు కోసమే ఎదురుచూసేది. వాడ వాడంతా చప్పుడు లేకుండా ఉండే ఆ రోజు కోసం.

పద్మజ కళ్లు తెరిచింది.

ఎంత పిచ్చిది తాను. పుట్టిన వాడ చప్పుడు కదా అని ముద్దుగా వింటూ కూర్చుంది. సారు ఏం చెప్పేవాడు? భయం ఎక్కడో పాడుబడ్డ కోటలో ఉండదు పిల్లలారా, మనకు బాగా ఇష్టమైన వస్తువులో ఉంటుంది, ఇష్టమైనదాన్ని మనం అనుమానించం కాబట్టి. చెవుల్లో ఈ పాఠం గింగురుమంటుంటే కూడా ఆమె రెండుసార్లు విని మోసపోయింది. సిగ్గేసింది.

"తమ్మీ, సారు ఇది ఎన్నడు పంపిండన్నవు?"

"శనివారం మేడం. సాయంత్రం."

"శనివారం అమాస. అమాస నాడు ఈ వాడల ఎవ్వరు మగ్గం ముట్టరు. మా నాయిన ముట్టలే, ఆయన నాయిన ముట్టలే. పైగా ఈ ఇంట్ల నేసే మనిషి ఆ దినం ఊర్లనే లేదు. మరి నీ రికార్డింగుల నేసిందెవరు, దయ్యమా?"

సాయినాథ్ హైదరాబాదులో పుట్టి పెరిగినవాడు. అమాసకూ మగ్గానికీ ముడి ఉంటుందని వాడికి ఎవరు చెప్పాలి. పద్మజ గొంతు తగ్గించింది. నీ మీద నాకు కోపం లేదు, నువ్వు సారును ఏమీ చేయలేదని నాకు తెలుసు, కానీ పొద్దుగూకితే ఆయన్ను మనం చంపినట్టే అని నచ్చజెప్పింది. కుర్రాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. సారంటే వాడికీ ప్రాణమే.

రికార్డింగు శుక్రవారం మధ్యాహ్నం వచ్చిందట. పూర్తి కథ చాలా పెద్దదట. సొంతవాళ్లే పిచ్చిదని పేరు పెట్టి మిద్దె గదిలో ఏళ్ల తరబడి పెట్టి ఉంచిన ఒక ఆడమనిషి కథ. ఆమే చెబుతున్నట్టు ఉంటుందట. ఇది కల్పన కాదు, పేర్లతో సహా చివర్లో చెప్తానని సారు అన్నాడట. వాడి మీద ఏదో పాత కేసుంది. అది తీసేస్తానని ఒకాయన ఆశపెట్టి, ముక్క మాత్రం ఉంచి మిగతాదంతా వాడి ఫోన్లోంచి తుడిపేయించాడు. శనివారం వచ్చిందని చెప్పమన్నాడు.

"ఎవరాయన?"

సాయినాథ్ మెట్ల వైపు చూశాడు. "చెప్తే నా బతుకు ఆగమైతది మేడం."

బూట్ల చప్పుడు పైకి వస్తోంది. పద్మజ ఫోను వాడి చేతిలో పెట్టి, నోటి మీద వేలు పెట్టుకుంది.

ప్రదీప్ గుమ్మంలో ఆగి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఏం విన్నాడో, ఎంత విన్నాడో ముఖంలో తెలియలేదు. ఈతగాళ్లకు ఏమీ దొరకలేదని, వెనక్కి రమ్మన్నానని చెప్పాడు. పద్మజ తలూపింది. ఓడిపోయినట్టు భుజాలు వాల్చి అతని వెనకే మెట్లు దిగింది. మరణ వాంగ్మూలమట. ఆ 'నేను' సారు కాదు, గదిలో ఉన్న మనిషి. ఆ గది ఎక్కడిది అన్నదొక్కటే ఇప్పుడు తేలాలి.

వీధిలో ఎండ చిటపటలాడుతోంది. రెండు వైపులా ఇళ్లలో మగ్గాలు నడుస్తున్నాయి. ప్రదీప్ జీపు తలుపు తీసి పట్టుకున్నాడు.

"పద్మజా, కేసును ఈడికి ఇడిసిపెట్టు. ఘణపూర్ రా, మా ఇంటికి పోదం. నానమ్మ పోయినంక ఆడ ఎవరు ఉంటలేరు, నేనే అప్పుడప్పుడు పోయి వస్త. సారు పేరు మీద ఒక పూట కూసుందం. పల్లీలు గూడ ఏంచుకుందం."

వచ్చినవాళ్లకు పల్లీలు పెట్టకుండా పంపరు.

పద్మజ అడుగు నేలకు అతుక్కుపోయింది. చిన్నమ్మ పాట. పళ్లెం పట్టుకుని మెట్లెక్కే మంచి పిల్లవాడు. కిందికి వచ్చి భుజం రుద్దుకునే మంచి పిల్లవాడు. ఏమైందిరా, తలుపు. అన్నేళ్లూ ఆమె ముద్దుగా దాచుకున్న ఆదివారాల నడినెత్తిన ఒక మనిషిని పెట్టి గొళ్లెం వేసి ఉంచారు. ఆ గొళ్లెం వేసి వచ్చిన చేతులతోనే వీడు తమ పక్కన కూర్చుని రొట్టె తిన్నాడు. రోజూ ఎత్తి మూసేవాడికి ఆ తలుపు వింత కాదు, అందుకే ఆ ముక్క తుడిపేయించాలని తోచలేదు. శుక్రవారం రాత్రే సారును మాయం చేసి, శనివారమంతా బందోబస్తులో ఉన్నానని చెప్పుకోవడానికే రికార్డింగును శనివారానికి జరిపించాడు. అదే తలుపు వెనక ఇప్పుడు ఎవరున్నారు? ఉన్నారా, లేరా?

ఆమె తల వంచి జీపులోకి చూసింది. ముందు అద్దం కింద, లాఠీ పక్కన, కిరాణా కొట్టు కాగితంలో చుట్టిన చిన్న పొట్లం ఉంది. కాగితం ఒక మూల విప్పుకుని ఉంది. వాసన ఆమెను వెతుక్కుంటూ వచ్చింది, తుమ్ము రాబోయేటంత ఘాటుగా.

ప్రదీప్ ముక్కుపొడి పీల్చడు. చచ్చిన మనిషికి ఎవరూ ముక్కుపొడి కొనుక్కుపోరు.

సారు బతికే ఉన్నాడు. ఆ సంతోషం ముందు భయం ఆలస్యంగా వచ్చింది. దానికంటే ఆలస్యంగా, దానికంటే ఎక్కువగా ఇంకొకటి బాధించింది. నోరు మూయించడానికి సారును ఎత్తుకుపోయినవాడే, సారు డబ్బీ మర్చిపోయాడని గుర్తుపెట్టుకుని కొట్టుకు పోయి పొట్లం కట్టించుకున్నాడు. వీడికీ సారంటే ప్రాణమే. అలాంటివాడు ఎంతకైనా తెగిస్తాడు.

జీపు ఎక్కకపోతే వీడు ఒంటరిగా ఘణపూర్ పోతాడు. అప్పుడిక రాసిందే నిజమవుతుంది. పద్మజ వీధి మధ్యలో నిలబడి, ఈ కొస నుంచి ఆ కొసకు వినపడేలా కేక వేసింది.

"జములమ్మ పెద్దమ్మా, ఇన్‌స్పెక్టర్ సారుతోని ఖిల్లా ఘణపూర్ పోతున్న, వాళ్లింటికి. పొద్దుగూకేలోపల నా ఫోను రాకుంటె వాడకట్టునంత తోల్కొని ఆడికే రా."

ఒక ఇంట్లో మగ్గం ఆగింది. పక్కింట్లో ఇంకోటి. తర్వాత ఎదురింట్లో. గుమ్మాల్లో ఒక్కొక్క తలే కనిపించింది. అమాస కాని రోజున ఆ వీధి అంత నిశ్శబ్దంగా ఉండటం పద్మజ ఎన్నడూ ఎరగదు. జములమ్మ గడప మీదికి వచ్చి, ప్రదీప్ కళ్లలోకి సూటిగా చూస్తూ, సరే బిడ్డా అంది.

పద్మజ జీపు ఎక్కి కూర్చుంది. చేతిసంచిలోంచి సారు డబ్బీ తీసి ఆ పొట్లం పక్కన పెట్టింది. ప్రదీప్ రెంటినీ చూశాడు. తాళం తిప్పబోయిన చెయ్యి ఆగిపోయింది.

"ప్రదీప్, మీ మిద్దె మీది తలుపు ఇప్పుడు గూడ ఎత్తే మూస్తున్నవా?"

అతని కుడి చెయ్యి దానంతటదే ఎడమ భుజం మీదికి పోయి రుద్దుకుంది. ఆ క్షణాన కణతల దగ్గర నెరిసిన వెంట్రుకలు పోయి, పళ్లెం పట్టుకుని మెట్లెక్కే పిల్లవాడు కనిపించాడు.

"ఎత్తకుంటే పడదు పద్మజా" అని, జీపు స్టార్టు చేశాడు.